ఐఎన్‌ఆర్ పరీక్ష లేకుండా ఆ మాత్ర ఎలా మింగమంటారు? తమిళనాడు ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

చెన్నై వ్యాసర్పాడి నుంచి రాస్తున్నాను. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఈ ఐఎన్‌ఆర్ పరీక్ష గురించి ఇచ్చిన అర్జీలకు రసీదులు వచ్చాయి, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది.

మా అమ్మకు చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ ఫీవర్ వల్ల గుండెలోని మైట్రల్ వాల్వ్ (కవాటం) సన్నబడింది, గుండె లయ తప్పింది. వాల్వ్ జబ్బు లేకుండా ఇలా లయ తప్పిన (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) వాళ్లకే పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు. అమ్మలాంటి వాళ్లకు ఇంకా ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా ఆపడానికి, మాటిమాటికీ రక్తపరీక్ష అక్కర్లేని కొత్త మాత్రలున్నాయి కానీ, ఈ వాల్వ్ జబ్బుకు పాత రకం మందే మేలని 2022లో ఇన్విక్టస్ అధ్యయనంలో తేలింది. కాబట్టి మాకు ఆ పాత రకం మాత్ర ఎసిట్రోమే దిక్కు. ఐఎన్‌ఆర్ చూడందే దాని డోసు చెప్పలేరు.

సర్కారు ఆసుపత్రిలో మాత్రలు ఉచితంగానే ఇస్తున్నారు, కాదనను. పరీక్ష దగ్గరే మా ప్రాణం తీస్తున్నారు. కిట్ అయిపోయింది, బయట చేయించుకురండి అంటారు. కిట్ ఉన్న రోజున రిపోర్టు చేతికొచ్చేసరికి ఓపీ ముగిసి డాక్టరు గారు వెళ్లిపోతారు. మళ్లీ వచ్చే వారమే. పోయిన వారం రిపోర్టు చూసి ఈ వారం డోసు రాస్తే ఏం లాభమండీ? 2కీ 3కీ మధ్య ఉండాల్సిన అమ్మ ఐఎన్‌ఆర్ ఒకసారి 1.4కి పడిపోయింది. ఇంకోసారి 5 దాటింది. అప్పుడు బీపీ పట్టీ కట్టిన చోట చేయి అరచేతి మేర నల్లగా కమిలిపోయింది, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. మాత్ర మానేస్తానని అమ్మ ఏడ్చింది. మానితే రక్తం గడ్డకడుతుంది, ఎక్కువైతే రక్తస్రావం. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఆకుకూరలు మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే తీరుగా తినమ్మా అని డాక్టరు చెప్పినా, భయంతో తోటకూర ముట్టడం లేదు.

వచ్చే నెల నుంచి అన్నీ సరిగ్గా జరుగుతాయని ఆసుపత్రివాళ్లు చెబుతూనే ఉన్నారు. ఆ నెల ఎప్పుడొస్తుంది?

ఇంటి వద్దకే వైద్యం అందించే మక్కళై తేడి మరుత్తువం పథకం కింద మా వీధిలో బీపీ, షుగరు మాత్రలు ఇంటికే వస్తున్నాయి. వేలి కొసన చుక్క రక్తంతో ఐఎన్‌ఆర్ చూసే చిన్న మిషన్లున్నాయి కదా, వాటినీ ఆ మాత్రలు తెచ్చే అక్కయ్యలకు ఇప్పించండి. అంతవరకూ కిట్లు అయిపోకుండా చూడండి. ఓపీ ముగిసేలోపే రిపోర్టు ఇప్పించండి. అరవై దాటినవాళ్లకు బీపీ చూసేటప్పుడే నాడి కూడా పట్టి చూడమనండి, లయ తప్పిన సంగతి పక్షవాతం వచ్చాకే తెలుస్తోంది చాలామందికి.

వచ్చే సోమవారం అమ్మకు మళ్లీ పరీక్ష ఉంది. దయచేసి ఆ రోజైనా కిట్ ఉండేలా చూడండి.

ఇట్లు,
వ్యాసర్పాడి నుంచి ఒక కూతురు