2024–25 వార్షిక నివేదిక: మనం రంపం పట్టిన ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన స్కేల్ మోడల్ కార్ల (అసలు కార్ల కొలతలకి తగ్గట్టు చేసే చిన్న నమూనాల) సంఘం 2024–25 నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. ఎన్ని సమావేశాలు జరిగాయి, ఎవరెవరు వచ్చారు అన్నవి మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, కావాల్సినవాళ్లు చూసుకోవచ్చు. నేను పని గురించే రాస్తాను. ఎందుకంటే ఈ ఏడాది మన పని మారింది. ఇన్నాళ్లూ కిట్, అంటే విడిభాగాల డబ్బా తెచ్చుకుని, డబ్బా మీద బొమ్మ ఎలా ఉంటే అలా అతికించి రంగు వేసేవాళ్లం. ఈసారి రంపం పట్టాం.

డ్యూస్‌తో మొదలు

ఉగాది వెళ్లిన వారం అందరం కూర్చున్నప్పుడు ఒక ప్రతిపాదన వచ్చింది. ఎవరికి నచ్చిన కారు వాళ్లు చేసుకుంటూ పోతే ఒకరి తప్పు నుంచి ఇంకొకరు నేర్చుకునేదేమీ ఉండదు, కాబట్టి ఏడాది పాటు అందరం ఒకే కారు చేద్దాం అని. ఏ కారు అన్నదాని మీద పెద్దగా వాదన జరగలేదు. 1932 ఫోర్డ్. హాట్ రాడ్ వాళ్లు, అంటే పాత కార్లని వేగం కోసం విప్పి మార్చుకునేవాళ్లు, దాన్ని ‘డ్యూస్’ అంటారు. 32లోని రెండు అంకెని బట్టి వచ్చిన పేరు.

కొత్తగా చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు. మామూలు మనిషి కొనుక్కోగలిగిన ధరలో వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌ని ఫోర్డ్ ఆ ఏడాదే ఇచ్చింది. 221 క్యూబిక్ అంగుళాల ఇంజన్, 65 హార్స్‌పవర్. ఆ కార్లు పాతబడి చవగ్గా దొరకడం మొదలయ్యాక కాలిఫోర్నియా కుర్రాళ్లు వాటిని కొని, విప్పి, మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద వేగం చూసుకునేవాళ్లు. మడ్‌గార్డులు పీకేస్తే బరువు తగ్గుతుంది. పైకప్పు దించితే గాలికి ఎదురుగా నిలబడే ముఖం చిన్నదవుతుంది. హాట్ రాడ్‌లో ఇవాళ మనం ముచ్చటపడే ఆకారమంతా ముందు వేగం కోసం వచ్చిందే, అందం ఆ తర్వాత దానికి తోడైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్యం నుంచి తిరిగొచ్చిన మెకానిక్‌ల చేతుల్లో ఈ పని ఇంకా పెరిగింది. యుద్ధ విమానాలకు వేలాడదీసే ఇంధన ట్యాంకునే బాడీగా మార్చి రేసు కారు చేసినవాళ్లూ ఉన్నారు. నేవీలో విమానాల విభాగంలో పనిచేసి రిటైరైన మన సభ్యుడు జూన్ సమావేశంలో ఈ ట్యాంకుల సంగతి చెబుతుంటే, టీ తెచ్చిన కుర్రాడు కూడా కప్పులు పక్కన పెట్టి విన్నాడు.

డ్యూస్‌నే ఎందుకు ఇంతగా ఇష్టపడతారంటే కారణం దాని ఛాసిస్‌లో, అంటే బాడీ కింద ఉండే చట్రంలో ఉంది. మడ్‌గార్డులు తీశాక పక్కన కనిపించే ఉక్కు పట్టీ మీదే ఒక వంపు గీత ప్రెస్ చేసి ఉంటుంది. చాలా కార్లకి మడ్‌గార్డులు తీసేస్తే ఎముకలు బయటపడ్డట్టు ఉంటుంది. దీనికి అలా ఉండదు, కొత్త చొక్కా తొడిగినట్టే ఉంటుంది.

ఇక కోత, అంటే కిటికీల స్తంభాలు కోసి పైకప్పు కిందికి దించడం. 1/25 స్కేలులో, అంటే అసలు కారులో ఇరవై ఐదో వంతు సైజులో, మనకి కలిసొచ్చే లెక్క ఒకటి ఉంది. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దాన్ని 25తో భాగిస్తే దాదాపు ఒక మిల్లీమీటరు. అసలు కారులో కప్పు మూడంగుళాలు దించారంటే మన బల్ల మీద మూడు మిల్లీమీటర్లు దించాలన్నమాట. 106 అంగుళాల వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) మనకి 108 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. అదే 1/24 కిట్ అయితే 112. ఈ నాలుగు మిల్లీమీటర్ల మీద మనవాళ్లు మూడు నెలలు వాదించుకున్నారు. చివరికి తేల్చింది ఇది: బాడీ, ఛాసిస్ ఒకే స్కేలులో ఉండాలి. చక్రాలు, టైర్లు, ఇంజన్ మాత్రం పక్క స్కేలు కిట్ నుంచి తీసుకోవచ్చు. అసలు హాట్ రాడ్లలోనూ టైర్లు రకరకాల సైజుల్లో వేసేవాళ్లు కాబట్టి ఆ తేడా కంటికి తప్పుగా అనిపించదు. నా వరకు ఇది సరైన నిర్ణయం.

మొదటి కోత నేనే వేశాను. కిటికీల స్తంభాల చుట్టూ మాస్కింగ్ టేపు చుట్టి, పైన ఒక గీత, మూడు మిల్లీమీటర్ల కింద ఇంకో గీత గీసి, సన్నపళ్ల రంపంతో కోశాను. కప్పు పెట్టి చూస్తే వెనక వైపు కిందికి వాలిపోయింది. రంపం పళ్ల మందాన్ని లెక్కలో వేసుకోలేదు, పైగా వెనక స్తంభం వెడల్పు ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువగా అరగదీశాను. సన్నటి ప్లాస్టిక్ పట్టీ అతికించి, పుట్టీ పెట్టి, 400 నంబరు వాటర్ పేపర్ నుంచి 1000 దాకా రుద్దితే గాని సర్దుకోలేదు. ఆ తర్వాత కోసినవాళ్లందరూ గీతకి లోపలి వైపే రంపం పెట్టి, మిగిలిన కాస్తా ఆకురాయితో అరగదీశారు. ఆ బాడీలకు పుట్టీ అవసరం దాదాపు రాలేదు. ఒకే కారు చేద్దామన్న ప్రతిపాదన ఫలితం అక్కడ కళ్లకు కనిపించింది.

తేమ

ఈ ఏడాది మనల్ని ఎక్కువగా ఏడిపించింది రంగే. విశాఖలో ఉక్కపోత సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, కానీ అది మన మోడళ్లని ఏం చేస్తుందో ఈ ఏడాదే సరిగ్గా అర్థమైంది. ఆగస్టులో ఐదుగురు సభ్యులు ఒకే ఆదివారం నల్ల లాకర్ (వేగంగా ఆరే మెరుపు రంగు) కొట్టారు. సాయంత్రానికి ఐదు కార్లూ బూడిద పూసినట్టు తెల్లబారాయి. రంగు డబ్బాది తప్పు అనుకుని కొత్త డబ్బా తెచ్చాం. మళ్లీ అదే.

అసలు సంగతి ఇదీ. లాకర్‌లోని థిన్నర్, అంటే రంగుని పలచన చేసే ద్రవం, చాలా వేగంగా ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు అది ఉపరితలంలోని వేడిని లాగేస్తుంది, ప్లాస్టిక్ చల్లబడుతుంది. మంచినీళ్ల గ్లాసు బయట చెమట పట్టినట్టు, గాలిలో ఉన్న తేమ ఆ చల్లటి పొర మీద చేరి రంగులో ఇరుక్కుపోతుంది. ఆ తెలుపు అదే. పోగొట్టడానికి ఒక దారి ఉంది. గాలి పొడిగా ఉన్న రోజున నెమ్మదిగా ఆరే థిన్నర్‌ని పైన పలచగా చల్లితే పొర మళ్లీ మెత్తబడి తేమ బయటికి పోతుంది. ఐదింటిలో మూడు కార్లు అలా బాగుపడ్డాయి. రెండింటికి రంగంతా తీసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

సెప్టెంబరు వానల్లో ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చల్లే పరికరం) ముట్టుకోకూడదని నిర్ణయం తీసుకున్నాం. తేమ కొలిచే చిన్న మీటరు కొన్నాం. 70 శాతం దాటితే లాకర్ కొట్టకూడదు, అక్రిలిక్ ఒక్కటే వాడాలి అన్నది ఇప్పుడు సంఘం నియమం. కంప్రెసర్‌కి నీరు పట్టే ఫిల్టర్ పెట్టాం. మొదటిసారి దాని అడుగున చేరిన నీళ్లు చూసి అందరం ఆశ్చర్యపోయాం, అవన్నీ ఇంతకుముందు మన కార్ల మీదికే వెళ్లేవి కదా. ఆరబెట్టడానికి మూత గట్టిగా పట్టే పెద్ద డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి వాడుతున్నాం. అంతకుముందు ఒక సభ్యుడు పెట్టెలో బల్బు పెట్టి ఆరబెట్టబోతే వేడికి డ్యూస్ కప్పు మెత్తబడి కుంగిపోయింది. బల్బు పద్ధతిని దయచేసి ఎవరూ మళ్లీ ప్రయత్నించొద్దు.

ఆటో పెయింట్ షాపుల్లో దొరికే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగుల గురించి కూడా ఒక మాట. చవక, మెరుపూ బాగుంటుంది. కానీ వాటి థిన్నర్ ఘాటు ఎక్కువ, ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) లేకుండా కిట్ ప్లాస్టిక్ మీద కొడితే సన్నటి పగుళ్లు తేలతాయి. రెండు పలచటి కోట్ల ప్రైమర్ పడి, పూర్తిగా ఆరాకే వాడండి. మాస్కు లేకుండా మాత్రం ఏ రంగూ కొట్టకండి. ఈ విషయంలో ఇకనుంచి నేను మొహమాటపడను.

అంకుడు కర్ర, అంబాసిడర్

నవంబరులో ఏటికొప్పాక వెళ్లొచ్చాం. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్క బొమ్మల గురించి మన సభ్యులకి చెప్పాల్సిన పనిలేదు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, నీలి లాంటి సహజ రంగులని ఆ బొమ్మల్లోకి తిరిగి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అయితే మేము వెళ్లింది బొమ్మలు కొనడానికి కాదు, టైర్ల కోసం. కిట్‌లో వచ్చే వెనక టైర్లు సన్నగా ఉంటాయి, రేసు కారుకి వెడల్పాటివి కావాలి. 30 మిల్లీమీటర్ల వ్యాసంతో, ఆ బొమ్మలకి వాడే అంకుడు కర్రలో తిప్పి ఇవ్వగలరా అని అడిగాం. కాగితం మీద గీసిన కొలత చూసి, పనిమంతుడు ఒక జత మా కళ్ల ముందే లేత్ మీద తిప్పేశాడు.

నాకు మాత్రం ఆయన రంగు పట్టించే తీరు చూశాక వేరే ఆలోచన వచ్చింది. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీని ఒత్తి పడితే రాపిడి వేడికి అది కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు వస్తుంది. అందులో థిన్నర్ లేదు, ఆవిరయ్యేదీ లేదు, అందుకే తెల్లబారడం అన్న మాటే లేదు. మనకి అరవై డెబ్బై కిలోమీటర్ల దూరంలో, ఇదే సముద్రపు గాలిలో, తేమతో పేచీ లేని పని తరాలుగా జరుగుతోంది. ఆగస్టులో మనం డబ్బా మీద డబ్బా కొంటున్నప్పుడు ఇది ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు గుండ్రంగా ఉండే భాగాలు, అంటే టైర్లు, హెడ్‌లైట్ డొప్పలు, గేరు రాడ్ గుండీలు, లక్కతోనే చేయించుకుంటున్నాం.

అక్కడ మిగిలిన అంకుడు ముక్క ఒకటి మన సంఘంలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి అడిగి తెచ్చుకుంది. ఆ అమ్మాయి దాంతో చేసింది ఈ ఏడాది మన సంఘంలో జరిగిన అన్నిటికంటే మంచి పని.

అంబాసిడర్‌ని హాట్ రాడ్ చేయాలన్నది తన ఆలోచన. 1958 నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో తయారైన కారు, మన జగదాంబ సెంటర్లో టాక్సీలుగా తిరిగిన కారు. రోడ్డు మీద అసలు బండికి ఈ పని చేయడానికి చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు. బల్ల మీద ఆ అడ్డు లేదు. కానీ కావాల్సిన స్కేలులో కిట్ దొరకలేదు, బొమ్మల షాపులో దొరికేది చిన్నది. అందుకని అంకుడు కర్రలో బాడీ ఆకారం చెక్కింది. 2464 మిల్లీమీటర్ల వీల్‌బేస్‌ని 25తో భాగించి, ఫొటోలు పక్కన పెట్టుకుని, ఆరు వారాలు చెక్కింది. తర్వాత మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ షీటు వేడి చేసి, వ్యాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగి ఆ కర్ర మీద అచ్చు తీసింది. మొదటి మూడూ చిరిగిపోయాయి. నాలుగోది నిలిచింది.

అంబాసిడర్ కప్పు దించడం డ్యూస్‌లా కాదు. డ్యూస్ స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి, కోసి కిందికి దించితే పెద్ద ఇబ్బంది లేకుండా కూర్చుంటుంది. అంబాసిడర్ కప్పు బోర్లించిన గిన్నెలా గుండ్రం, స్తంభాలన్నీ పైకి పోయే కొద్దీ లోపలికి వాలి ఉంటాయి. అక్కడ కోసి దించితే కప్పు చుట్టూ చిన్నదైపోయి కింది స్తంభాలకి అందదు. కప్పుని నాలుగు ముక్కలు చేసి, నిలువుగా ఒక పట్టీ, అడ్డంగా ఒక పట్టీ మధ్యలో చేర్చి పెద్దది చేయాలి. ఆ అమ్మాయి అదే చేసింది. ఇంకో రెండు అచ్చులు పాడయ్యాక నాలుగు మూలలూ కుదిరాయి. ముందు గ్రిల్లు, గుండ్రటి హెడ్‌లైట్లు, బానెట్ వంపు ముట్టుకోలేదు. అందుకే కప్పు దించినా, వెనక వెడల్పు టైర్లు వేసినా, చూడగానే ‘అంబాసిడరే’ అంటాం. దేన్ని మార్చాలో కాదు, దేన్ని వదిలేయాలో తెలిసిన చెయ్యి అది. ఇంజనుకి స్పార్క్ ప్లగ్ వైర్లుగా ఫోన్ కేబుల్‌లోని సన్నటి తీగ, సైలెన్సర్ గొట్టాలుగా ఇంజెక్షన్ సూదుల గొట్టాలు వాడింది. సూదులు మన డెంటిస్టు సభ్యుడు మొన తీసేసి ఇచ్చారు. రంగు ఇంకా వేయలేదు. తొందరపెట్టొద్దని అందరినీ కోరుతున్నాను.

మిగతా సంగతులు

జనవరిలో ఒక పాఠశాల హాలులో రెండు రోజుల ప్రదర్శన పెట్టాం. పిల్లలు ముట్టుకుని చూసేందుకు వేరుగా ఒక బల్ల వేయడం మంచి ఆలోచన, వచ్చే ఏడాది అలాంటివి రెండు వేయాలి.

విదేశాల నుంచి తెప్పించిన కిట్లలో ఒక పార్సిల్ నలిగి వచ్చింది, అద్దాలు విరిగిపోయాయి. అమ్మినవాళ్లు జవాబివ్వలేదు. స్వీటు డబ్బా పారదర్శక మూత కత్తిరించి అద్దాలు చేసుకున్నాం. సన్నగా ఉండటం వల్ల అవి కిట్‌లో వచ్చిన వాటికంటే అసలు అద్దంలా కనిపిస్తున్నాయి. ఉప్పు గాలికి కత్తి బ్లేడులు, ఎయిర్‌బ్రష్ సూదులు తుప్పు పడుతున్నాయి. వాడాక నూనె గుడ్డతో తుడిచి పెట్టండి. జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు విడిగా జతచేశారు.

వచ్చే ఏడాది

కార్యవర్గం రెండు ప్రతిపాదనలు పెడుతోంది. ఒకటి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న రంగుల పెట్టె సంఘం తరఫున తయారు చేసుకోవడం. షిప్‌యార్డులో పనిచేసే సభ్యుడు రేకు పని తానే చేస్తానన్నారు, ఫ్యానూ గొట్టమూ మాత్రం కొనాలి. రెండోది, అంబాసిడర్ కర్ర అచ్చుని సభ్యులందరికీ అందుబాటులో ఉంచడానికి ఆ అమ్మాయి ఒప్పుకుంది. దాని మీద ఎవరు అచ్చు తీసుకున్నా షీటు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. కర్రకి దెబ్బ తగలకుండా కార్యవర్గ సభ్యుడొకరు పక్కన ఉండాలి. ఈ రెండింటి మీద సభ్యుల అభిప్రాయం ఈ సమావేశంలోనే కావాలి.

డ్యూస్ పూర్తిచేయనివాళ్లు ఇంకా ఏడుగురున్నారు. డిసెంబరు, జనవరి నెలల్లో మధ్యాహ్నం పూట మీటరు 70 కిందికి వచ్చిన ఆదివారాలు రంగుకే కేటాయిస్తాం. ఆలోపు కోత, పుట్టీ, ప్రైమర్ ముగించుకుని రండి.

కార్యదర్శి