సీడ్ పత్తి క్రాసింగ్‌కి బడి ఈడు ఆడపిల్లలే ఎందుకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఏటా జూన్‌లో బడిబాట పేరుతో ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని బడిలో చేర్పిస్తారు. ఫొటోలు పేపర్లలో వస్తాయి. మా జోగులాంబ గద్వాల జిల్లాలో అసలు గండం ఆ తర్వాత మొదలవుతుంది. విత్తనం కోసం వేసే సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ (చేత్తో పరాగ సంపర్కం చేసే) పనులు అందుకోగానే గట్టు, మల్దకల్, ధరూర్ వైపు ఊళ్లలో హైస్కూలు ఆడపిల్లలు బడికి రావడం తగ్గిపోతుంది. ఇక్కడే టీచరుగా పనిచేసి రిటైరైన మనిషిని కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు హాజరు పట్టీలు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు.

ఈ పని ఏమిటో బయటి జిల్లాల పాఠకులకు తెలియకపోవచ్చు. హైబ్రిడ్ పత్తి విత్తనం దానంతటదే తయారు కాదు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం దాటాక పట్టుకుని, పైరేకులూ లోపలి పుప్పొడి తిత్తులూ గోటితో ఒలిచేయాలి. మధ్యలో ఉండే కాడకు చిన్న గీత పడినా ఆ మొగ్గ రాలిపోతుంది. తెల్లారాక మగ మొక్కల పూలు కోసుకొచ్చి, ఒలిచిన ప్రతి మొగ్గకూ పుప్పొడి అద్దాలి. ఇలా ఒక్కో పువ్వుకూ, వారాల తరబడి, రోజూ. దీనికి చాలా చేతులు కావాలి. పురుగుమందు కొట్టిన చేలోనే మర్నాడు మళ్లీ ముఖం పెట్టి వంగి పనిచేయాలి. తలనొప్పి, కళ్ల మంటలు అని పిల్లలు చెప్తూనే ఉంటారు.

ఆడపిల్లలే ఎందుకని అడిగితే, వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి, ఓపికగా చేస్తారు అంటారు. అదే ఇంట్లో అదే వయసు కొడుకు వేళ్లు అంత లావుగా ఉన్నాయా? వాణ్ని గద్వాలలోనో కర్నూలులోనో ప్రైవేటు స్కూల్లో వేసి ఫీజు కడుతున్నారు. ఆ ఫీజులో చెల్లెలి కూలీ కూడా కలిసి ఉంటుంది. పెద్దవాళ్లను పెడితే ఎక్కువ కూలీ ఇవ్వాలి, ఆడపిల్లయితే తక్కువకు వస్తుంది, ఎదురు మాట్లాడదు. ఓపిక అనే మాట వెనక ఉన్న లెక్క ఇదే. ఎలాగూ పెళ్లయి వెళ్లిపోయేదే కదా అనే మాట తోడైతే ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

రైతునొక్కణ్నే తప్పుపట్టడం నాకిష్టం లేదు. అతను సీజన్ ముందే ఆర్గనైజర్ (విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య ఉండే దళారీ) దగ్గర వడ్డీకి అడ్వాన్సు తీసుకుని ఉంటాడు. విత్తనం అప్పజెప్పాక పరీక్షలో పాసైతేనే డబ్బు. రేటు నిర్ణయంలో అతని మాటకు విలువ లేదు. ఆ రేటులో పెద్దవాళ్ల కూలీ గిట్టదు కాబట్టి చివరికి భారం ఇంట్లో అందరికంటే చిన్నదాని మీద పడుతుంది.

చట్టం ఉంది కదా అంటారు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, కుటుంబానికి సాయంగా బడి వేళల తర్వాత, సెలవుల్లో పనిచేయొచ్చని వెసులుబాటు ఇచ్చారు. కుటుంబమంటే తల్లిదండ్రులే కాదు, బాబాయిలు, మేనత్తలు, పిన్నులు, మేనమామలు కూడా. మన ఊళ్లలో ఎవరి చేనైనా ఏదో ఒక వరసకు వస్తుంది! పైగా ఉదయం పుప్పొడి అద్దడం, మధ్యాహ్నం దాటగానే మొగ్గలు ఒలవడం మొదలైతే ఇక బడి వేళ ఎక్కడ మిగిలింది? పద్నాలుగేళ్లు దాటితే విద్యాహక్కు చట్టమూ వర్తించదు. తొమ్మిది, పది తరగతుల పిల్ల బడి మానేస్తే అడిగే నాథుడు లేడు. నెలల తరబడి పాఠాలు పోయాక తిరిగొచ్చిన పిల్లకు లెక్కలు అర్థం కావు, సిగ్గుపడి మానేస్తుంది. ఇంట్లో ఖాళీగా ఉందని సంబంధాలు చూస్తారు. 2011 జనాభా లెక్కల్లో ఈ ప్రాంతం అక్షరాస్యత యాభై శాతం కూడా లేదంటే ఆశ్చర్యం ఏముంది?

కల్యాణలక్ష్మి కింద ప్రభుత్వం పెళ్లికి 1,00,116 రూపాయలు ఇస్తోంది. పద్దెనిమిదేళ్లు నిండాలనే షరతు మంచిదే, కాదనను. కానీ పేదింటి ఆడపిల్ల కోసం సర్కారు ఇచ్చే పెద్ద మొత్తం పెళ్లితోనే ఎందుకు ముడిపడాలి? పశ్చిమబెంగాల్‌లో 2013 నుంచి కన్యాశ్రీ పథకం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయి పెళ్లి కాకుండా చదువుకుంటూ ఉంటే 25,000 రూపాయలు ఆమె ఖాతాలో పడతాయి. బంగ్లాదేశ్ 1994లోనే ఊళ్లలోని హైస్కూలు ఆడపిల్లలకు 75 శాతం హాజరు, పెళ్లి చేయకపోవడం షరతులుగా స్టైపెండ్ మొదలుపెట్టింది. ఆ తర్వాత అక్కడ హైస్కూళ్లలో చేరే ఆడపిల్లలు మగపిల్లల్ని దాటిపోయారు. అప్పట్లో మనకంటే పేద దేశం చేసిన పని ఇది.

మన దగ్గర ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయికి అలాంటి సాయం ఇవ్వాలి. క్రాసింగ్ నెలల్లో కస్తూర్బా విద్యాలయాల్లో అదనపు సీట్లు తెరిచి, చేలకు వెళ్తున్న పిల్లల్ని అక్కడికి తీసుకురావాలి. విత్తన కంపెనీలు రైతుకిచ్చే రేటులో పెద్దవాళ్ల కూలీని లెక్కగట్టేలా వ్యవసాయ శాఖ ఒప్పందాలు రాయించాలి. బడి ఈడు పిల్లలు కనబడిన చేనుకు కంపెనీ కూడా జవాబు చెప్పాలి, ఆర్గనైజర్ మీదకు నెట్టేసి తప్పించుకోకూడదు. కలెక్టరు గారు ఈ ఆగస్టులో ఊరూరా ఆడపిల్లల హాజరు విడిగా తెప్పించుకుని, ఆ లెక్కలు మీ పత్రికకు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గద్వాల