ఊరూ పేరూ పోగొట్టుకుంటున్న మా ఆకురాళ్లు: కేంద్ర గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర గనుల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

తెలుగు మీ మాతృభాష కనుక ఈ లేఖ తెలుగులోనే రాస్తున్నాను. మా నేలలో దొరికే శిలాజాలను, అంటే రాళ్లలో మిగిలిన పూర్వకాలపు జీవుల ఆనవాళ్లను, కాపాడమని ఇంతకుముందు ఇచ్చిన అర్జీలన్నీ ఇంగ్లీషులో, అధికారులకు అలవాటైన పద్ధతిలో, విషయం, సూచిక, జతపరచినవి అంటూ రాశాను. మూడేళ్లలో ఆరు అర్జీలు ఇచ్చాను. జవాబు అనదగిన జవాబు ఒక్కదానికీ రాలేదు. మూసిన కవర్లలో పెట్టి పంపితే కదలని విషయం పదిమంది ఎదుట చెబితేనన్నా కదులుతుందేమోనని ఇలా బహిరంగంగా రాస్తున్నాను. పెద్ద మనసుతో చివరిదాకా చదవండి.

అరుదైన రాతి స్థలాలను, శిలాజాలను కాపాడటానికి తలపెట్టిన భూవారసత్వ స్థలాల బిల్లు సంగతి నేను మీకు చెప్పనక్కర్లేదు. 2022 డిసెంబరులో ముసాయిదా బయటపెట్టి ప్రజల అభిప్రాయాలు అడిగింది మీ శాఖే. నేనూ నాలుగు పేజీలు రాసి పంపాను. ఇక శిలాజాలకు ఒక దిక్కు దొరికిందని ఆ రాత్రి మా ఇంట్లో అందరితో చెప్పుకున్నాను. ఆ ముసాయిదా ఈ లేఖ రాసే నాటికీ చట్టం కాలేదు. ఈలోగా మా దగ్గర ఏం జరుగుతోందో చెబుతాను.

నేను ప్రకాశం జిల్లాలో ముప్పై నాలుగేళ్లు జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. మా వైపు కొన్ని చోట్ల బావి తవ్వినా, ఇంటికి పునాది తీసినా లేతరంగు పలకరాయి పడుతుంది. పొరలు పొరలుగా విడిపోతుంది. ఒక పొర విప్పితే లోపల ఆకు కనిపిస్తుంది. నడిమి ఈనె, దానికి రెండు వైపులా ఈతాకులా వరుసగా చీలికలు, ఒక్కోసారి పురుగు కొట్టిన చోటు కూడా. మా పిల్లలు వాటిని ఆకురాళ్లు అనేవారు. శాస్త్రంలో వాటిలో ఎక్కువ కనిపించే దాని పేరు టిలోఫిల్లం. డైనోసార్లు తిరిగిన రోజుల నాటి ఆకు అది. పూలు పూసే మొక్కలు అప్పుడప్పుడే భూమ్మీద మొదలవుతున్న కాలం. దాదాపు 12 కోట్ల ఏళ్లు అని చెబితే ఎనిమిదో తరగతి పిల్లలు నోరు తెరిచి చూసేవారు. ఆ ముఖాలు చూడటం కోసమే నేను ఆ పాఠం ఏటా రాళ్లు చేతికిచ్చి చెప్పేవాణ్ణి.

ఈ రాళ్లు అనామకమైనవి కావు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పని చేసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ తీరమంతా తిరిగి పటాలు గీశాడు. అదే సంస్థకు చెందిన ఫైస్ట్‌మాంటెల్ ఈ తీరంలో దొరికిన ఆకులకు బొమ్మలు వేయించి, 1879లో ఒక్కొక్కదాన్నీ వివరించాడు. వేమవరం షేల్ (పలకరాయి), బూదవాడ ఇసుకరాయి, పావులూరు ఇసుకరాయి అని మా ఊళ్ల పేర్లే రాతి పొరలకు స్థిరపడ్డాయి. ఆ పొరల్లో దొరికిన, చుట్ట తిరిగిన గుల్ల ఉండే ఒక అమ్మోనైట్‌కు 1933లో స్పాత్ అనే శాస్త్రవేత్త బూదవాడ పేరు కలిపి బుదవాడెన్సిస్ అని పెట్టాడు. మా పల్లె పేరు ఒక సముద్రజీవి పేరులో కూర్చుంది. పావులూరు 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లినా ఇసుకరాయికి ఆ పేరు పోలేదు. పేరంటే అంత గట్టిది.

అలాంటి రాళ్లు ఇప్పుడు ఊరూ పేరూ లేకుండా పోతున్నాయి.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు పొక్లెయిన్ నడుపుతాడు. మంచివాడు, కష్టజీవి. గుంత తవ్వుతుండగా ఒక పెద్ద పలక రెండుగా విడింది. ఒకదానిపై ఆకు, రెండోదానిపై దాని అచ్చు. నాకు ఫోన్ చేశాడు. నేను మరునాడు ఉదయం వెళ్లేసరికి రాయి లేదు. ముందురోజు సాయంత్రమే కారులో ఎవరో వచ్చి మూడు వందలు ఇచ్చి, దినపత్రికలో చుట్టుకుని తీసుకెళ్లారట. "వద్దంటే బాగుండేదా సార్?" అని వాడు అడిగిన తీరు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. వాడిదేం తప్పు? మూడు వందలంటే వాడి ఇంట్లో రెండు పూటల కూర. నాలుగు నెలల తరువాత అదే రాయిని ఫోన్‌లో అమ్మకానికి చూశాను. కుడి అంచు విరిగిన తీరు, ఆకు మీదుగా పోయిన పగులు చూసి గుర్తుపట్టాను. ఒక పక్క మాత్రమే ఉంది, జంట రాయి లేదు. కింద "ఫెర్న్ శిలాజం, భారతదేశం" అని రాసి ఉంది. అది ఫెర్న్ కాదు. భారతదేశంలో ఎక్కడ? ఏ ఊరు, ఏ పొర, ఎంత లోతు? అవేమీ లేవు. ధర మాత్రం వేలల్లో ఉంది.

అయ్యా, నా బాధ ఆ వేల గురించి కాదు. ఆ రాయిని ఎవరో అలమారాలో అందంగా పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. కానీ ఇక దానితో మాట్లాడలేం. ఆకు పక్కనే సముద్రపు అమ్మోనైట్ ఉందని తెలిస్తేనే ఇక్కడ అడవి ఆకు కొట్టుకొచ్చి ఉప్పునీటి అడుగున పడిందని, సముద్రం ఇంతదాకా ఉందని చెప్పగలం. పది అడుగుల లోతులో ఒక రకం, ఇరవై అడుగుల్లో మరో రకం అని తెలిస్తేనే అడవి ఎలా మారిందో తెలుస్తుంది. చోటు తెగిపోయిన రాయి బొమ్మ మాత్రమే.

2024లో మా జిల్లాలోనే వడోదర ఎం.ఎస్. విశ్వవిద్యాలయం పరిశోధకులు నిప్పుకోడి గూడు బయటపెట్టారు. 41,000 ఏళ్ల నాటిది. గుడ్డు పెంకులు దాదాపు 3,500 ముక్కలు. ఒక్కొక్క ముక్క విడిగా చూస్తే గోరంత పెంకు, ఎవరూ వంగి తీసుకోరు కూడా. అవన్నీ ఒక్కచోట, పడినవి పడినట్టు మట్టిలో ఉన్నాయి కాబట్టే అది గూడు అయింది. మా నేల మీద నిప్పుకోళ్లు పొదిగాయన్న మాట నిలబడింది. ఆ పెంకుల్ని ఎవరో ముందే ఏరి, పది చేతులు మారి అమ్మేసి ఉంటే ఈ జిల్లాకు ఆ గూడు ఎప్పటికీ దక్కేది కాదు.

ఇక కార్యాలయాల సంగతి. ఎవరి పేరూ చెప్పను. ఎవరి మీదా ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు. సోమవారం అర్జీల రోజున వరుసలో నిలబడి మొదటి అర్జీ ఇచ్చాను. అక్కడి నుంచి గనుల పని చూసేవారి దగ్గరికి పంపారు. ఆయన రాయిని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "బాగుంది మాస్టారూ, కానీ ఇది ఖనిజం కాదు" అన్నారు. గ్రానైట్ అయితే పర్మిట్ అడుగుతాం, సీనరేజి రుసుము కట్టించుకుంటాం, లారీని కాటా వేయిస్తాం, దీనికి మా రిజిస్టర్లో గడి లేదన్నారు. పురావస్తువుల పని చూసేవారి దగ్గరికి వెళ్లాను. "ఇది మనిషి చేసిన వస్తువు కాదు కదా, నాణెమో విగ్రహమో అయితే 1972 పురావస్తువుల చట్టం కింద చూసేవాళ్లం" అన్నారు. రెవెన్యూ వైపు వెళితే భూమి తగాదా ఏమైనా ఉందా అని అడిగారు. లేదన్నాను. అయితే మేమేం చేయగలం అన్నారు. మర్యాదగానే అన్నారు, కుర్చీ వేసి కూర్చోబెట్టారు, ఒక చోట టీ కూడా ఇచ్చారు. ఆరుసార్లు అలాగే తిరిగాను. ఆరుసార్లూ కొన్ని వారాలకు నా ఫోన్‌కు "మీ అర్జీ పరిష్కరించబడింది" అని సందేశం వచ్చింది. ఏది పరిష్కారమైంది? ఆ మాట చదివినప్పుడల్లా నాకు కళ్లు మండేవి. పరిష్కారం కాలేదని రాయండి, మాకు అధికారం లేదని రాయండి, భరిస్తాను. కానిదాన్ని అయిందని మాత్రం రాయకండి.

చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైట్ దిమ్మె ఒక్కటి కదలాలంటే ఎన్ని కాగితాలు కావాలో మీకు తెలుసు. 12 కోట్ల ఏళ్ల ఆకు మాత్రం చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కితే అడిగే నాథుడు లేడు.

వ్యాపారులు చెప్పే మాట కూడా నేను విన్నాను. ఒకాయన మా ఇంటికే వచ్చి అడిగాడు: "మేం కొనకపోతే ఈ రాళ్లు ఏమవుతాయి మాస్టారూ? టిప్పర్లో పడి రోడ్డు కిందికి పోతాయి కదా?" దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఎందుకంటే అది నిజం. ఆకులున్న పలకలు గ్రావెల్‌తో కలిసి రోడ్డు కింద పరుచుకోవడం నేను కళ్లారా చూశాను. ధర పలికేదాన్ని జనం జాగ్రత్తగా తీస్తారు, ధర లేనిదాన్ని తొక్కేస్తారు. ఇంగ్లండులో మేరీ ఆనింగ్ అనే పేద వడ్రంగి కూతురు సముద్రపు ఒడ్డున శిలాజాలు ఏరి అమ్ముకునే బతికింది. ఆమె ఏరినవే మ్యూజియాలకు చేరాయి. ఏరే చేతులను తక్కువ చేసి మాట్లాడే అర్హత ఎవరికీ లేదు.

అయినా అమ్మకానికి వదిలేస్తే ఏమవుతుందో కూడా లోకం చూసింది. 2020లో స్టాన్ అనే టీరెక్స్ డైనోసార్ అస్థిపంజరం న్యూయార్క్ వేలంలో 3 కోట్ల 18 లక్షల డాలర్లకు, 2024లో ఒక స్టెగోసారస్ 4 కోట్ల 46 లక్షల డాలర్లకు పోయాయి. ఏ విశ్వవిద్యాలయం ఆ పాట పాడగలదు? మన దేశానికి సంబంధించే 1989లో జాన్ టాలెంట్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఒక సంగతి బయటపెట్టాడు. మొరాకో నుంచి వచ్చి దుకాణాల్లో అమ్ముడుపోయే శిలాజాలను హిమాలయాల్లో దొరికినట్టు ఒక ప్రొఫెసర్ చూపించారన్నాడు. ఆ ప్రొఫెసర్ ఏళ్ల తరబడి చేసిన హిమాలయ పరిశోధనంతా సందేహంలో పడింది. చోటు చెప్పని రాయికి ఏ చోటైనా అంటగట్టవచ్చు. రేపు మా ఆకురాయికీ అదే గతి పట్టవచ్చు.

మంగోలియా సంగతి చూడండి. వాళ్ల ఎడారి నుంచి దొంగతనంగా పోయిన టార్బోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం 2012లో న్యూయార్క్‌లో పది లక్షల డాలర్లకు పైగా పాటకు పోయింది. మాది మాకివ్వమని వాళ్లు నిలబడి కొట్లాడారు. 2013లో తిరిగి తెచ్చుకున్నారు. శిలాజాలు దేశపు ఆస్తి అని 1924 నుంచే వాళ్ల చట్టాల్లో ఉంది కాబట్టి నోరు పెగిలింది. సాంస్కృతిక ఆస్తుల దొంగ రవాణాను ఆపడానికి చేసుకున్న యునెస్కో 1970 ఒప్పందంలో పురాజీవ ప్రాముఖ్యం ఉన్న వస్తువుల మాట స్పష్టంగా ఉంది. మనం 1977లో దాన్ని ఆమోదించాం. ఇంట్లో చట్టం లేకుండా పొరుగువాడి ముందు ఏ కాగితం పెట్టి అడుగుతాం?

పల్లెలో లంకెబిందె దొరికితే ఏం చేయాలో అందరికీ తెలుసు. 1878 నాటి నిక్షేపాల చట్టం ఉంది, కలెక్టరుకు చెప్పాలి, దొరికినవాడికి వాటా ఉంటుంది. తెల్లవాళ్లు బంగారం కోసం చేసుకున్న చట్టమే కావచ్చు, అందులో న్యాయం ఉంది. చెప్పినవాడు నష్టపోడు. ఆకురాళ్లకూ అలాంటి దారి వేయండి. నా కుర్రవాడు పలక దొరకగానే పని ఒక గంట ఆపి ఫోన్ చేయగలగాలి. ఆ గంట కూలి, పైన కొంత బహుమతి వాడి చేతికి రావాలి, రాయి పక్కన వాడి పేరు ఉండాలి. ఆ మూడు వందలు ప్రభుత్వమే ఇస్తే వాడు రాయిని కారువాడికి ఇవ్వడు కదా? వాడిని జైలుకు పంపే చట్టం మాత్రం తేకండి. భయపడిన రైతు రాయిని అప్పగించడు, రాత్రికి రాత్రి గుంత పూడ్చేస్తాడు.

ముసాయిదా మీద శాస్త్రవేత్తలు చెప్పిన అభ్యంతరం కూడా నాకు సబబుగానే తోచింది. అధికారమంతా ఒకే సంస్థ చేతిలో పెడితే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే పిల్ల ఒక రాయి ముట్టుకోవడానికి ఎన్నాళ్లు ఎదురుచూడాలి? సవరించండి. కానీ సవరణ పేరుతో అటకెక్కించకండి. వ్యాపారం ఆపండి. చోటు రాయకుండా రాయి చేతులు మారకూడదని రాయండి. మా పూజాపీఠంలో గండకీ నది నుంచి వచ్చిన సాలగ్రామం ఉంది, అదీ అమ్మోనైటే. దాని జోలికి పొమ్మని నేను అనడం లేదు. ఇంట్లో దేవుడు వేరు, టోకున రాళ్లు మోసుకెళ్లే బేరం వేరు. ఆ తేడా చట్టం రాసేవారికి తెలియనిది కాదు.

ఒంగోలులో ఒక్క గది ఇవ్వండి. ఇది నా ఏడో అభ్యర్థన, ఆరు అర్జీల్లోనూ ఇదే రాశాను. ఒక్క గది, నాలుగు చెక్క బీరువాలు, రాసుకోవడానికి ఒక రిజిస్టరు, రాయి తెచ్చినవాడితో మాట్లాడే ఒక మనిషి. గుజరాత్‌లో రైయోలీకి, మధ్యప్రదేశ్‌లో ఘుఘువాకు శిలాజ ఉద్యానాలు ఉన్నాయి. మేము ఉద్యానం అడగడం లేదు. గది అడుగుతున్నాం.

మా ఇంట్లో మంచం కింద ఇనుప పెట్టె ఉంది. అందులో 63 రాళ్లు ఉన్నాయి. ప్రతిదానికీ నూలుదారంతో ఒక చీటీ కట్టి ఉంది. తేదీ, ఎవరి పొలం, ఎన్ని అడుగుల లోతు, ఏ పిల్లవాడు తెచ్చాడు అన్నీ రాశాను. కొన్ని చీటీల మీద సిరా వెలిసిపోతుంటే కిందటి వేసవిలో మళ్లీ దిద్దాను. అమ్మమని ఇద్దరు అడిగారు, ఇవ్వలేదు. ప్రభుత్వం తీసుకోమని ఆరుసార్లు అడిగాను, ఎవరూ తీసుకోలేదు. నాకు 71 ఏళ్లు. మా అబ్బాయి హైదరాబాదులో ఉంటాడు, వాడికి ఈ చీటీల విలువ తెలుసు గానీ ఆ పెట్టె పెట్టుకునే చోటు లేదు. చీటీ ఊడిపోయిన రోజున అవీ ఊరూ పేరూ లేని రాళ్లే అవుతాయి.

మీరు ఎవరినైనా పంపండి. ఏ రోజు వచ్చినా నేను ఇంట్లోనే ఉంటాను. పెట్టె తెరిచి, ఒక్కొక్క చీటీ చదివి, సంతకం తీసుకుని అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా