గీత సన్నగా పడాలంటే బూటులో మడమ కదలకూడదు

ఎడిటర్ గారికి నమస్కారం.

చలికాలంలో గుల్‌మర్గ్, ఔలి వెళ్లేవారి కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన పేజీలో స్నోబోర్డు (రెండు కాళ్లూ బిగించుకుని మంచు మీద జారే పలక) బూట్ల గురించి మూడు ముక్కలు రాశారు. మెత్తగా ఉండాలి, ఒక సైజు పెద్దది తీసుకోవాలి, లోపల రెండు జతల సాక్సులు తొడుక్కోవాలి అని. మంచు చూసి, ఫొటోలు దిగి, గంటసేపు జారి వచ్చేవారికి దానివల్ల వచ్చే నష్టం కాస్తే. కార్వింగ్ నేర్చుకోవాలనుకునేవారికి మాత్రం మూడూ తప్పే. విజయవాడ, గుంటూరుల్లో పిల్లలు అమెరికాలోనో కెనడాలోనో ఉన్న ఇళ్లు ఎన్నో. సెలవులకు వచ్చే అన్నయ్య చేత బూట్లు తెప్పించుకునే తమ్ముళ్లు మీ పేజీని కత్తిరించి పెట్టుకుని ఉంటారు కాబట్టి ఈ ఉత్తరం.

బోర్డును అడ్డం తిప్పి మంచును గోకుతూ దిగడం ఒక పద్ధతి. బోర్డును అంచు మీద ఒరిగించి, ఆ అంచు పోయిన దారినే బోర్డంతా పోయేలా చేయడం ఇంకొకటి. ఈ రెండోదే కార్వింగ్. దిగాక వెనక్కి తిరిగి చూస్తే తేడా తెలుస్తుంది: మంచు మీద మొదటిదాని జాడ పారతో గీకినట్టు వెడల్పుగా ఉంటుంది, రెండోదాని గీత నాగలి చాలులా సన్నగా ఉంటుంది. బోర్డును ఒరిగించే బలం కాలి నుంచి బూటు ద్వారానే దిగాలి. వేళ్ల వైపు తిరిగేటప్పుడు కాలి ముందరి ఎముక బూటు నాలుకను నొక్కుతుంది. మడమ వైపు తిరిగేటప్పుడు పిక్క వెనకకు వాలి, బూటును బోర్డుకు పట్టి ఉంచే బైండింగ్ వెనక నిలబడే హైబ్యాక్ పలకను నొక్కుతుంది. మధ్యలో బూటు లొంగిపోతే మోకాలు కదులుతుంది గానీ బోర్డు కదలదు.

ఒలింపిక్స్‌లో స్నోబోర్డు 1998 నగానోలో మొదలైంది. ఇద్దరు పక్కపక్కనే జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే పందెం ప్యారలల్ జెయింట్ స్లాలమ్‌. అందులో దిగే పోటీదారులు వాడేవి ప్లాస్టిక్ గుల్ల ఉన్న హార్డ్ బూట్లు. వాటికి బైండింగ్ వేరు, సన్నటి బోర్డు వేరు. అంత సరంజామా వద్దనుకుని, మామూలు స్ట్రాప్ బైండింగ్‌తోనే కార్వింగ్ చేయాలనుకునేవారికి సాఫ్ట్ బూట్లలోనే బాగా గట్టివి కావాలి. గట్టి సాఫ్ట్ బూట్లు అంటే పచ్చి ఎండుమిర్చి అన్నట్టు వినిపిస్తుంది. ఇక్కడ సాఫ్ట్ అన్నది ఆ రకం బూట్లకు పేరు మాత్రమే. బర్టన్ డ్రైవర్ ఎక్స్, రైడ్ ఇన్సానో, కె2 థ్రాక్సిస్ లాంటివి ఈ కోవలోవి.

అయితే గట్టిదనం కన్నా ముందు చూడాల్సింది సైజు. మన కొట్లలో ఎనిమిదో నంబరు అంటే యూకే 8. అదే పాదానికి అమెరికా లెక్కలో 9, స్నోబోర్డు బూట్ల మోండోపాయింట్ లెక్కలో 27, అంటే 27 సెంటీమీటర్లు. ఫోన్‌లో "నాది ఎనిమిది" అని చెబితే అన్నయ్య అక్కడి 8 కొంటాడు. అది 26 సెంటీమీటర్ల పాదానికి కుట్టింది. సెంటీమీటరు తక్కువైన గట్టి బూటులో రెండో రోజుకే గోరు నల్లబడుతుంది. అందుకే నంబరు చెప్పకండి, కొలత పంపండి. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బాక, కాగితం మీద మడమను గోడకు ఆనించి, బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడాలి. అన్నిటికన్నా పొడుగు వేలి కొస దగ్గర గీత గీసి మిల్లీమీటర్లలో కొలవాలి. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని తీసుకోవాలి. 268 వస్తే 27, 263 వస్తే 26.5. "పెరుగుతాడులే" అని బడిపిల్లాడికి కొన్నట్టు దీన్ని పెద్దది కొనకూడదు.

పెద్ద బూటు చేసే అసలు చెడు మడమ దగ్గర కనిపిస్తుంది. వేళ్ల వైపు ఒరిగేటప్పుడు మడమ లోపల అర సెంటీమీటరు లేస్తే, ఆ అర సెంటీమీటరు అయ్యేదాకా బోర్డుకు కబురు అందదు. మలుపు ఆలస్యమవుతుంది, అంచు మంచును పట్టే ముందే జారుతుంది. మనిషి ఏం చేస్తాడంటే లేసులు ఇంకా బిగిస్తాడు. మీగాలి మీద ఒత్తిడి పడి రక్తం ఆడదు, పాదం మొద్దుబారుతుంది, చలి ఎక్కువైందనుకుని ఇంకో జత సాక్సులు వేస్తాడు. రెండు సాక్సుల మధ్య జారుడు, బొబ్బలు, ఇంకా చలి. సాక్సు ఒక్కటే ఉండాలి, అదీ పల్చటి ఉన్నిది, మోకాలి కిందిదాకా వచ్చేది. చెమట పీల్చి తడిగా ఉండిపోయే నూలు సాక్సు పనికిరాదు.

సరైన సైజు ఎలా ఉంటుందంటే, నిటారుగా నిలబడితే వేళ్ల కొసలు ముందు గోడకు తాకుతాయి. మోకాళ్లు వంచితే మడమ వెనక్కి సర్దుకుని వేళ్లు కొంచెం వదులవుతాయి. కొత్తలో ఇరుకనిపించడం సహజం. బూటు లోపలి మెత్తటి తొడుగు, అంటే లైనర్, దాని నురుగు కొన్ని రోజుల వాడకానికి అణిగి చోటిస్తుంది. కొన్నరోజే హాయిగా ఉన్న బూటు పది రోజులకు వదులవుతుంది. వేడితో పాదం ఆకారానికి మలిచే లైనర్లుంటాయి. ఆ పని కొట్లోనే చేయించడం మేలు, ఇంట్లో హెయిర్ డ్రయ్యర్‌తో ప్రయోగాలు వద్దు.

చెప్పుల్లో తిరిగిన పాదాలకు వేళ్లు విచ్చుకుని ముందు భాగం వెడల్పుగా ఉంటుంది. పొడవు సరిపోయి పక్కలు నొక్కితే పైసైజుకు పోకుండా, అదే పొడవులో 'వైడ్' అని అమ్మే రకం అడగాలి. పైసైజుకు పోతే పక్కల బాధ తీరుతుంది గానీ మడమ బాధ మొదలవుతుంది. అప్పటికే కొనేసి మడమ కాస్త లేస్తున్నవారికి చౌక చికిత్స ఒకటుంది: ఐదు మిల్లీమీటర్ల మందం మెత్తటి నురుగు షీటును ఇంగ్లిష్ 'జె' ఆకారంలో కత్తిరించి, చీలమండ ఎముక కింద, వెనక గుంటలో పడేలా, లైనర్‌కు బయటివైపు, రెండు పక్కలా టేపుతో అంటించాలి. బూటు పొడవు సరైనదైతేనే ఇది పనిచేస్తుంది. సెంటీమీటరు పెద్దదాన్ని ఏ నురుగూ కాపాడలేదు.

ఇక గట్టిదనం. పెట్టె మీద పదికి ఏడు, పదికి తొమ్మిది అని వేస్తారు. ఆ అంకెలకు అందరికీ ఒకే కొలబద్ద లేదు, ఏ కంపెనీ లెక్క దానిదే. ఒకరి ఏడు ఇంకొకరి తొమ్మిదికి సమానం కావచ్చు. 60 కిలోల మనిషికి గోడలా అనిపించే బూటు 90 కిలోల మనిషికి మామూలుగా వంగుతుంది. కార్వింగ్‌కు ఏడు నుంచి తొమ్మిది మధ్య వెతకడం మొదలుపెట్టి, తేలికైనవారు ఏడు దగ్గరే ఆగడం మంచిదని మా అభిప్రాయం. పది కొని చీలమండ వంచలేనివారు నడుము దగ్గర వంగుతారు. పిరుదులు వెనక్కి పోయి మడమ వైపు మలుపులో బోర్డు టకటకా గెంతుతుంది. పరీక్ష తేలిక: పూర్తిగా బిగించి మోకాలు ముందుకు నెట్టండి. పోనుపోను ఎదురు బలం పెరుగుతూ వంగితే మంచిది. చీలమండ దగ్గర ఒక్కచోటే మడత పడి పక్కలు ఉబ్బితే ఆ బూటు ఆ మడత దగ్గరే చస్తుంది. వేడి కొట్లో కాస్త మెత్తగా అనిపించింది మంచులో గట్టిపడుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

బిగింపులో లేసులా, తిప్పితే సన్నటి తీగ బిగుసుకునే బోవా చక్రమా అన్నది ఇష్టాన్ని బట్టి. ఒకే చక్రం ఉన్నది మాత్రం వద్దు. మీగాలిని ఒకలా, పైన కాలిని ఇంకోలా బిగించుకునే వీలుండాలి. బోవా అయితే తీగ తెగితే మార్చుకునే కిట్ సంచిలో ఉండాలి. కొండ మీద దాన్ని అరువివ్వడానికి ఎవరూ ఉండరు.

బూటు బయటి పొడవు కూడా అడిగి తెలుసుకోవాలి. ఒరిగినప్పుడు బోర్డు అంచు దాటి ఉన్న వేళ్ల భాగమో మడమ భాగమో మంచుకు తగిలితే అంచు పైకి లేచి మనిషి ఒక్కసారిగా జారిపోతాడు. 30 సెంటీమీటర్ల బూటును బోర్డుకు నేరుగా అడ్డంగా కాక 15 డిగ్రీలు తిప్పి పెడితే అడ్డంగా దాదాపు 29 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది, 30 డిగ్రీలు తిప్పితే 26కు దిగుతుంది. కార్వింగ్ చేసేవారు రెండు పాదాలనూ ముందుకు తిప్పి పెట్టుకోవడానికీ, వెడల్పాటి బోర్డు వెతకడానికీ ఇదొక కారణం.

అద్దెకిచ్చే బూట్లు మామూలుగా మెత్తవి, పైగా ఎందరి పాదాలకో అణిగిపోయినవి. బోర్డు, బైండింగ్ అక్కడ తీసుకున్నా బూట్లు మాత్రం సొంతవి పట్టుకెళ్లడం మంచిది. స్ట్రాపులు లేకుండా, అడుగు వేసి నొక్కితే బిగిసే స్టెప్ ఆన్ రకం తెప్పించుకునేవారు జాగ్రత్త. అవి వాటి బైండింగ్‌లోనే బిగుస్తాయి, అద్దె బోర్డుకు స్ట్రాపులే ఉండొచ్చు.

తిరిగి వచ్చాక మన ఊరి ఎండాకాలం వీటికి పగ. రేకుల కింద అటక మీదో, కారు డిక్కీలోనో మే నెలంతా ఉంచితే జిగురు వదులుతుంది. ఉక్కకు పాలియురెథేన్ సోలు లోలోపలే పొడిపొడి అవుతుంది. లైనర్ బయటికి తీసి నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టి, మళ్లీ తొడిగి, ఆకారం నిలిచేంత వదులుగా బిగించి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో పెట్టాలి. తడి పీల్చడానికి లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి, పూటకోసారి మార్చాలి. దానికి ఆదివారం అనుబంధమైనా ఇబ్బంది లేదు.

— ఇద్దరు పాఠకులు, విజయవాడ