తప్పు వానది కాదు, సిమెంటుది

సంపాదకుడు గారికి,

నమస్కారం. స్కాట్లాండ్‌లోని హిల్ హౌస్ మీద పోయిన ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ప్రపంచమంతా మెచ్చిన ఆర్కిటెక్టు కట్టిన ఇంటిని ఇనుప వలలో బిగించి, దూరాభారం వచ్చినవాళ్లకి చేపల బుట్ట చూపిస్తున్నారని వ్యాసకర్త వెక్కిరించారు. ఇల్లు చెడడానికి అక్కడి వానలే కారణమని కూడా తేల్చేశారు. రెండు మాటలకీ నాకు అభ్యంతరం ఉంది. నేను రిటైరైన సివిల్ ఇంజనీర్ని. గ్లాస్గోలో మా అబ్బాయి దగ్గరున్నప్పుడు ఆ ఇల్లు చూసి వచ్చాను.

గ్లాస్గో నుంచి రైల్లో ముప్పావుగంట పోతే హెలెన్స్‌బరో. చార్లెస్ రెన్నీ మాకింటాష్ 1902–04 మధ్య అక్కడి గుట్ట మీద ఈ ఇల్లు కట్టాడు. కట్టించుకున్నది వాల్టర్ బ్లాకీ. తాతల నాటి ఇంగ్లీషు పుస్తకాలు అటక మీద ఉంటే మొదటి పేజీ తిప్పి చూడండి, 'బ్లాకీ అండ్ సన్: లండన్, గ్లాస్గో, బొంబాయి' అని కనిపించవచ్చు. ఆ బ్లాకీయే.

గోడలకి గరుకు పూత కావాలని బ్లాకీ అడిగాడు. స్కాట్లాండ్‌లో అది కొత్తేమీ కాదు. చిన్న గులకరాళ్లు కలిపిన సున్నాన్ని గోడకేసి విసిరి కొట్టే 'హార్లింగ్' వందల ఏళ్లుగా ఉంది. మాకింటాష్ సున్నం మానేసి అప్పటికి కొత్త మోజైన పోర్ట్‌లాండ్ సిమెంటు వాడాడు. పైగా గోడల నెత్తిన రాతి కోపింగ్ (వాన నీరు గోడలోకి దిగకుండా పైన పరిచే రాళ్ల వరస) లేకుండా, నున్నగా కనబడాలని, పూతనే మీదిదాకా తిప్పేశాడు. ఎంత గొప్పవాడైనా పొరపాటు పొరపాటే. సిమెంటు పగిలింది, పగుల్లోంచి నీళ్లు లోపలికి దిగాయి, తిరిగి బయటికి రావడానికి దారి లేదు. అదే తడి దేశంలో 1626లో పూర్తయిన క్రెయిగీవార్ కోట నేటికీ నిలిచే ఉంది. దానికీ మధ్యలో ఎవరో సిమెంటు పూశారు. చెమ్మ పట్టాక దాన్ని గీకించి మళ్లీ సున్నమే వేశారు. మరి వానని తిట్టి ఏం లాభం?

ఇదంతా పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. కోనసీమలో మా తాతగారి ఇంటికి గానుగ సున్నం గోడలు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఇంజనీర్నన్న ధీమాతో వాటి మీద అంగుళం మందాన సిమెంటు పూయించాను. రెండో వర్షాకాలానికి గోడ బొబ్బలెక్కింది. వేలి కణుపుతో కొడితే డొల్ల చప్పుడు. పెచ్చు ఊడదీస్తే వెనక ఇటుక రవ్వలా రాలింది. "గోడకి పట్టిన చెమట ఆరాలి కదా బాబూ" అన్నాడు ముసలి మేస్త్రి. పూత పూసేటప్పుడూ అదే చెప్పాడు. వినలేదు.

ఇక ఆ వల సంగతి. అది స్టెయిన్‌లెస్ స్టీలు రింగులు ఒకదాంట్లో ఒకటి గుచ్చి అల్లిన తెర. 3 కోట్లకు పైగా రింగులట. పైన కప్పు, చుట్టూ ఈ తెర. వానలో చాలా భాగాన్ని ఆపుతుంది, గాలిని పోనిస్తుంది. అలా గోడలు మెల్లమెల్లగా ఆరుతాయి. ప్లాస్టిక్ పట్టా కప్పి ఉంటే లోపలి తడి లోపలే ఉడికేది. కార్మొడీ గ్రోర్క్ అనే ఆర్కిటెక్టుల సంస్థ రూపకల్పన చేయగా, ఆ ఇంటి బాగోగులు చూసే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ 2019లో దీన్ని తెరిచింది. ఫ్రేము తన కాళ్ల మీద తాను నిలబడుతుంది, పని అయ్యాక విప్పేయొచ్చు. అందంగా ఉందా అంటే లేదు. తోటలోంచి ఇల్లు ముసుగు వేసుకున్నట్టు కనబడుతుంది. వ్యాసకర్త ఆ ఒక్కటీ అని ఊరుకుంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి.

ఆయన మెట్లెక్కినట్టు లేరు. తెర లోపల, ఇంటి కప్పు ఎత్తున నడవడానికి దారి వేశారు. పొగగొట్టాలు కళ్లకెదురుగా ఉంటాయి. పూత మీద వెంట్రుకవాసి పగులు, దాని కింద తడి ముదురు చారిక, రెండూ దగ్గరగా కనిపించాయి. నా పక్కనున్న ఒక స్కూలు పిల్ల వాళ్ల నాన్నకి ఆ చారిక వేలితో చూపించి ఏదో అడుగుతోంది. పని ముగిసేదాకా తలుపులు మూసెయ్యకుండా, జబ్బునే జనానికి చూపిస్తున్నారు. నాకు నచ్చింది అదీ.

ఇది మనకి దూరపు కథేం కాదు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాల మీద గత శతాబ్దంలో పూసిన సిమెంటుని ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు తొలగించి మళ్లీ డంగు సున్నం వేయించారు. అక్కడ బాగానే జరిగింది. కానీ జిల్లాల్లో పాత గుడి, పాత కోట బురుజు, పాత కచేరీ భవనం బాగు చేస్తున్నామంటే ముందు దిగేది సిమెంటు బస్తాల లారీయే. పట్టా చాటున పని నడుస్తుంది, ప్రారంభోత్సవం నాడే మనకి దర్శనం.

మీ విలేకరులకి నాదొక విన్నపం. ఇలాంటి మరమ్మతు ఎక్కడ మొదలైనా పని ముగిశాక కాదు, మొదటి వారంలోనే వెళ్లండి. గోడకి ఏం పూస్తున్నారు, సున్నమా సిమెంటా అని అడిగి, ఆ జవాబుని జిల్లా పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
రాజమహేంద్రవరం