ఏడు నిమిషాల పాట, ఐదు నిమిషాలకి కోత

ఒరేయ్ బావా,

ఆలస్యమైందని ముందే తిట్టేయకు. కచేరీ అయిన మర్నాడే రాద్దామని కూర్చున్నా. కుడిచేతి చూపుడువేలి కొసన బేస్ తీగలకి పొక్కు లేచి పగిలింది, పెన్ను పట్టుకుంటే సరిగ్గా అక్కడే ఆనుతోంది. నాలుగు రోజులు ఆగి ఇదిగో ఇప్పుడు మొదలుపెట్టా. ఇన్నేళ్లు వాయించినవాడికి పొక్కు లేవడమేంటని నవ్వుతావు. నువ్వు వెళ్లిపోయాక ఎవడు వాయించాడ్రా! బేస్ బీరువా మీదకెక్కింది, దాని మీద దుప్పటి, దుప్పటి మీద పాత పేపర్లు.

వరదలొచ్చిన వారం మన డ్రమ్మర్ ఫోన్ చేశాడు. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. "వాయిద్దాం. పాత రాక్ పాటలు. టికెట్ పెడదాం, వచ్చిందంతా వరద సాయానికి." అంతే. తలా కొంత వేసుకుని పంపేస్తే పోదా, ఇంత హడావుడి దేనికి అన్నా. "తలా కొంత వేస్తే ఐదుగురి డబ్బే వెళ్తుంది, వాయిస్తే హాలు నిండా జనం డబ్బు వెళ్తుంది" అన్నాడు. లెక్కల్లో వాడి మీద మనం ఎప్పుడు గెలిచాం గనక.

కీబోర్డు వాడు సంగతి తెలుసుగా, ఏ పనికైనా ముందు నాలుగు రోజులు చదువుతాడు. మొదటి మీటింగుకి నోట్సుతో వచ్చాడు. ఇలాంటి కచేరీలకి పెద్దన్న 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన బంగ్లాదేశ్ కచేరీ కదా. సితార్ రవిశంకర్ అడిగితే బీటిల్స్ జార్జ్ హారిసన్ నెత్తిన వేసుకున్నాడు. ఇప్పటి బంగ్లాదేశ్‌ని ముంచిన 1970 భోలా తుపాను, దాని వెనకే యుద్ధం, లక్షలాది శరణార్థులు. కొద్ది వారాల్లో అందరినీ పోగుచేసి ఒకే రోజు రెండు షోలు పెట్టారు, దాదాపు 40,000 మంది వచ్చారు. టికెట్ల మీద వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యూనిసెఫ్‌కి వెంటనే వెళ్లాయి. ఇంతవరకు నీకూ తెలిసిందే. వాడు చెప్పిన అసలు సంగతి తర్వాతిది. కచేరీని ముందుగా ఏ సేవా సంస్థ పేరు మీదా నమోదు చేయించకపోవడంతో, తర్వాత రికార్డు, సినిమా మీద వచ్చిన డబ్బుకి అమెరికాలో పన్ను చిక్కు పడి చాలా భాగం ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. "హారిసన్ అంతటివాడికే అలా అయితే మనమెంతరా? ముందు ఎవరికిస్తామో తేల్చండి, తర్వాత గిటార్లు ముట్టుకోండి" అన్నాడు.

వాడలా అనబట్టే గట్టెక్కాం. వరద చోట ముందునుంచీ పనిచేస్తున్న ఒక సంస్థని పట్టుకుని, టికెట్ డబ్బు నేరుగా వాళ్ల ఖాతాలోకే వెళ్లేలా పెట్టాం. మా చేతికి పైసా రాలేదు. హాలు అద్దె, సౌండు అద్దె, పాటల హక్కుల లైసెన్సు, అన్నీ మేమే వేసుకున్నాం. ఎంతయిందని అడక్కు, మా ఆవిడ కూడా ఈ ఉత్తరం చదువుతుంది.

ఇంకోటి, "పాత బట్టలు కూడా తెమ్మందాం, గుమ్మం దగ్గర పెట్టె పెడదాం" అని మన సింగర్ పట్టుబట్టాడు. ఆ సంస్థ ఆవిడ ఫోన్లోనే దండం పెట్టింది. బట్టలు లారీల్లో వస్తాయట, వాటిని విడదీయడానికే పదిమంది కావాలి, ఆ పదిమంది అప్పుడు చేయాల్సిన పని వేరే ఉంటుంది. 2004 సునామీ తర్వాత తీరాల్లో రోడ్ల పక్కన పాత బట్టలు కుప్పలుగా పడి ఉండటం మనమూ ఫొటోల్లో చూశాం, మర్చిపోయాం. డబ్బు పంపితే దగ్గర్లోనే కావలసింది కొనుక్కుంటాం అంది. సింగర్ రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు, మూడో రోజు మామూలే.

ఇక పాటల లిస్టు. అబ్బా, అది విను.

పద్నాలుగు పాటలు రాశాం. అందరం ఎగబడి చెప్పినవే. రాత్రికి నేను తీరిగ్గా చూసుకుంటే ఆరు పాటల్లో వాన! రాక్ సంగీతంలో ఇంత వాన కురుస్తుందని నాకు అప్పుడే తెలిసింది. క్రీడెన్స్ బ్యాండ్ వాళ్ల వాన పాటలే రెండు. డోర్స్ వాళ్లదైతే ఏకంగా ఉరుముల చప్పుడుతోనే మొదలవుతుంది. ఇళ్లు మునిగిన వాళ్ల కోసం కచేరీ పెట్టి, స్టేజి ఎక్కి వాన వాన అని పాడటమేంటిరా! మర్నాడు వాటిని కొట్టేశాం. నీళ్లొద్దు, నిప్పైతే ఫర్వాలేదుగా అని సింగర్ డీప్ పర్పుల్ బ్యాండ్ వాళ్ల పాట అన్నాడు. గిటారు కొన్న ప్రతివాడూ మొదటి రోజే వాయించే ఆ రిఫ్, అదే తిప్పి తిప్పి వచ్చే గిటారు ముక్క, నీకు చెప్పాలా. తీరా అది పుట్టింది 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్ మాంట్రూలో క్యాసినో తగలబడితే! ప్రమాదం లేని పాట ఒక్కటి చూపించరా అని డ్రమ్మర్ కాగితం నా మీదకి విసిరాడు. చివరికి క్యాసినో ఉంచాం. దాన్ని తీసేస్తే జనం మమ్మల్ని తగలబెడతారు.

అసలు తగువంతా లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ వాళ్ల గట్టు తెగే పాట, 'వెన్ ద లెవీ బ్రేక్స్' దగ్గర. ఆ డ్రమ్ముల కోసం మనవాడు పదిహేనేళ్లుగా చస్తున్నాడు, తెలుసుగా. సింగర్ ససేమిరా అన్నాడు, గట్లు తెగి ఊళ్లు మునిగితే ఆ పాటే పాడతామా అని. కీబోర్డు వాడు మళ్లీ నోట్సు తీశాడు. ఆ పాట జెప్పెలిన్‌ది కాదు. 1927లో మిసిసిపీకి వచ్చిన మహా వరద మీద, 1929లో కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ పాడిన బ్లూస్. వరదని కళ్లారా ఎరిగిన కాలం వాళ్లు, వరద గురించి పాడిన పాట. జెప్పెలిన్ వాళ్లు 1971లో దాన్ని తీసుకుని పర్వతమంత చేశారు. అది విన్నాక సింగర్ కాస్త మెత్తబడ్డాడు గానీ సరే అనలేదు. అటూ ఇటూ తేలకుండానే ప్రాక్టీసు మొదలుపెట్టాం.

ఆ డ్రమ్ముల చప్పుడు ఎలా వచ్చిందో గుర్తుందా? హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంట్లో మెట్ల కింద హాల్లో జెప్పెలిన్ డ్రమ్మర్ బోనమ్‌ని కూర్చోబెట్టి, పైనుంచి మైకులు వేలాడదీశారు. మనవాడు ఊరుకుంటాడా? ఒక ఆదివారం మధ్యాహ్నం డ్రమ్ సెట్టు మొత్తం వాళ్ల అపార్ట్‌మెంట్ మెట్ల కిందకి దింపాడు. నేను మూడో అంతస్తు రెయిలింగుకి ఆనుకుని తాడు కట్టిన మైకు పట్టుకుని నిలబడ్డా. మొదటి దెబ్బ వేశాడు. ఒరేయ్, ఆ కిక్ డ్రమ్ము కింద మోగి, గోడ గోడకీ తగులుతూ పైకెక్కి నా అరికాళ్లలోకి వచ్చింది. రెయిలింగు కూడా వణికింది. నాలుగు బార్లు వాయించాడో లేదో మూడు తలుపులు తెరుచుకున్నాయి. రెండో అంతస్తు పెద్దాయన లుంగీ సర్దుకుంటూ వచ్చి, కిందకి వంగి చూసి, "అయిపోయిందా, ఇంకా ఉందా బాబూ?" అని అడిగాడు. కోపంగా కూడా కాదు. అలా అడిగితే ఇంకేం వాయిస్తాం! సర్దేశాం. తర్వాత ఆయన కచేరీకి టికెట్ కొన్నాడు, రెండు.

ప్రాక్టీసులో ఇంకో గొడవ. సింగర్ రెండు పాటల్లో మాటలు మర్చిపోతున్నాడు. "మంచి పనికే కదా, జనం సర్దుకుంటారులే" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ మాట నేను చాలాచోట్ల విన్నాను, నువ్వూ వినుంటావు. టికెట్ కొన్నవాడు ఏం పాపం చేశాడని? 1985 జూలై 13న ఇథియోపియా కరువు సాయానికి పెట్టిన లైవ్ ఎయిడ్ కచేరీలో క్వీన్ బ్యాండ్ వాళ్లకి దొరికింది ఇరవై నిమిషాల పైచిలుకు. దానికోసం ముందు థియేటర్ తీసుకుని రోజుల తరబడి ప్రాక్టీసు చేశారు. అదే రోజు ఫిలడెల్ఫియాలో జెప్పెలిన్ వాళ్లు సరిగా ప్రాక్టీసు లేకుండా ఎక్కారు, గిటారు శ్రుతి తప్పింది, గొంతు పలకలేదు. తర్వాత డీవీడీ వేస్తుంటే మా భాగం వెయ్యొద్దని వాళ్లే అన్నారు. అదీ మంచి పనికే కదా మరి! ఇదంతా ఊపిరి తీసుకోకుండా అనేశా. సింగర్ ఏం మాట్లాడలేదు. మర్నాడు మాటలన్నీ బట్టీ పట్టుకొచ్చాడు. ఆ తర్వాత నేనే రెండుసార్లు తప్పు ఫ్రెట్ నొక్కాననుకో, వాడు నవ్వలేదు, నా వైపు చూశాడంతే.

కచేరీ రోజు సాయంత్రం సౌండ్ చెక్‌లో అన్నీ బాగున్నాయి. జనం వచ్చి కూర్చున్నారు, లైట్లు ఆర్పారు, ఆంప్ ఆన్ చేశా. గుయ్ఁ... అని ఒకటే మోత. ఎర్త్ అనుకుని సౌండ్ చూసే అన్న పరుగెత్తుకొచ్చాడు, ప్లగ్ మార్చాడు, పోలేదు. రెండు నిమిషాలు అలాగే. ముందు వరసలో ఒక కుర్రాడు ఈలేసి చప్పట్లు కొట్టాడు. అది ఇంట్రో అనుకున్నాడు పాపం. నాకు రవిశంకర్ గుర్తొచ్చాడు. బంగ్లాదేశ్ కచేరీలో సితార్ శ్రుతి చేసుకుంటుంటే జనం చప్పట్లు కొడితే, శ్రుతికే ఇంత మెచ్చుకున్నారంటే వాయిస్తే ఇంకా నచ్చుతుందని ఆయన నవ్వుతూ అన్నాడుగా. నాకు అంత చమత్కారం ఎక్కడిది, చెమట్లు పట్టాయి. కేబుల్ తీసి ఇంకోటి పెడితే టక్కున ఆగింది.

మొదటి మూడు పాటలు ఏమయ్యాయో నాకు తెలియదు. క్యాసినో పాట దగ్గర హాలు లేచింది, అది మాత్రం చూశా.

నడుమ సంస్థ తరఫున వరద చోటునుంచి ఒకాయన మాట్లాడాలి. స్టేజి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, కాళ్లకి ఇంకా బురద మరకలున్న షూస్, ఒళ్లో మడత పెట్టిన కాగితం. ఆయన ఇల్లు కూడా మునిగిందట. గట్టు తెగే పాట సంగతి అప్పటికీ తేలలేదు. నేను పక్కకి వెళ్లి చిన్నగా, "అన్నా, వరద మీద పాత పాట ఒకటుంది, పాడితే మీకేమన్నా బాధగా ఉంటుందా?" అని అడిగా.

ఆయన వాచీ చూసుకుని, "పాట ఎంతసేపు?" అన్నాడు.

"ఏడు నిమిషాలు."

"ఐదుకి కుదించండి. నాకు ఆ రెండు నిమిషాలు కావాలి."

అదిరా సంగతి. మేం మూడు వారాలు కొట్టుకుచచ్చింది దీనికి! డ్రమ్మర్‌కి చెబితే ఒక్క క్షణం నోరు తెరిచి, "హార్మోనికా సోలో లేపేద్దాం" అన్నాడు. ఐదు నిమిషాల్లో ముగించాం. డ్రమ్ములు మెట్ల కింద మోగినట్టు మోగలేదు, ఎలా మోగుతాయి, అయినా వాడి మొహం నువ్వు చూడాల్సింది. తర్వాత ఆయన మైకు పట్టుకుని కాగితం చదివాడు: టార్పాలిన్లు, నీళ్లు శుద్ధి చేసే మాత్రలు, దోమతెరలు, బావులు కడగడానికి పంపులు, పిల్లల పుస్తకాలు. ఏది ఎన్ని చేరాయి, ఇంకా ఎన్ని కావాలి. గొంతు పెంచలేదు, ఏడవలేదు. జనం ఫోన్లు తీసి అక్కడికక్కడే పంపడం మొదలుపెట్టారు. టికెట్ల మీద వచ్చినదానికంటే ఆ ఐదు పది నిమిషాల్లో వచ్చిందే ఎక్కువని తర్వాత ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. కీబోర్డు వాడు లెక్క మొత్తం రాశాడు, ఆ కాగితం కాపీ ఇందులో పెడుతున్నా, చూసుకో.

చివర్లో పాత రోజుల్లో నువ్వు వాయించే జంట గిటారు సోలో ఉందిగా, రెండో గిటారు లేదు కాబట్టి కీబోర్డు మీద లాగించాం. బాగానే వచ్చింది. బాగానే అంటే... నువ్వుంటే బాగుండేది.

వచ్చే నెల ఇంకో చోట చేయమని అడుగుతున్నారు. బేస్ మళ్లీ బీరువా ఎక్కలేదు. నీ గిటారు ఏ స్థితిలో ఉందో రాయి, తీగలు మార్చావా అసలు?

ఉంటా మరి,
నీ బావ

తా.క.: గుయ్‌మన్న ఆ కేబుల్ నీదే. వెళ్లేటప్పుడు "జాగ్రత్తగా దాచు, మంచి కేబుల్" అని ఇచ్చి వెళ్లావే, అదే. పారేశా.