కారులో పసిబిడ్డకు ఒడి రక్షణ కాదు

సంపాదకుడు గారికి,

హైదరాబాద్‌లో ఒక ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. డిశ్చార్జి రోజున టీకాల కార్డు, మందుల చీటీ ఇచ్చి బాలింతను పంపుతాం. కారులో మాత్రం బిడ్డ అమ్మమ్మ ఒళ్ళోనో నాయనమ్మ ఒళ్ళోనో ఉంటుంది. చాలాసార్లు అదీ ముందు సీట్లోనే. అట్నుంచటే ఔటర్ రింగ్ రోడ్డెక్కి వరంగల్‌కో నల్లగొండకో, పుట్టింటికి ప్రయాణం. ఔటర్ మీద వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు.

పెద్దవాళ్ళ ప్రేమను నేను తప్పుపట్టను. కానీ 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నయినా గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి, పది కిలోల బిడ్డను పట్టి ఆపాలంటే దాదాపు 140 కిలోల బరువును ఆపినంత బలం కావాలి. ఏ చేతులకూ అది సాధ్యం కాదు. ముందు సీట్లో అయితే ఎయిర్‌బ్యాగ్‌కూ పెద్దవాళ్ళ ఛాతీకీ మధ్య బిడ్డ నలిగిపోతుంది.

14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు (కారు సీటు మీద బిగించి, పిల్లల్ని పట్టీలతో కట్టే చిన్న సీటు) గానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ చెబుతోంది. 2019 సవరణలో వచ్చిన నిబంధన ఇది. హెల్మెట్ లేకపోతే ఫొటో తీసి చలానా పంపే మన ట్రాఫిక్ పోలీసులు దీనిమీదా అంతే పట్టుదల చూపాలి.

చైల్డ్ సీటు కొన్నవాళ్ళకు దాన్ని బిగించడం నేర్పేవాళ్ళు లేరు. అసలు చిక్కు అక్కడే ఉంది. నెలల బిడ్డకు తల బరువెక్కువ, మెడ బలహీనం. అందుకే బిడ్డ ముఖం కారు వెనక వైపుకు ఉండేలా సీటు తిప్పి బిగించాలి. చైల్డ్ సీట్లకు యూరప్‌లో పాటించే ఆర్129 భద్రతా ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలలు నిండేదాకా అలాగే. సీటు అనుమతించినంత కాలం ఉంచితే ఇంకా మేలు. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో దాన్ని ఎప్పుడూ పెట్టకూడదు. ఐసోఫిక్స్ కొక్కేలకు (చైల్డ్ సీటు తగిలించడానికి కారు సీటు సందులో ఉండేవి) తగిలించినా, కారు బెల్టుతో కట్టినా, బిగించిన చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. బిడ్డ భుజం దగ్గర సీటు పట్టీని రెండు వేళ్ళతో నొక్కితే మడత పడిందంటే వదులుగా ఉన్నట్టే. మనవాళ్ళు చలికని బిడ్డను శాలువాలో చుట్టి ఆపైన పట్టీ వేస్తారు. దెబ్బ తగిలినప్పుడు ఆ మందమంతా అణిగి పట్టీ వదులైపోతుంది. పట్టీ ముందు, శాలువా పైన. మే నెల ఎండలో నిలిపిన కారైతే బకిల్ కాలుతోందేమో తాకి చూడాలి. దూరప్రయాణంలో మధ్యమధ్య ఆగి బిడ్డను బయటికి తీయాలి. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే పసివాళ్ళకు ఊపిరి కష్టమవుతుంది.

కొత్త కారుకు పూజ చేయించి, దండ వేసి, ఫొటో తీసి తాళం ఇచ్చే షోరూం సిబ్బంది, ఐసోఫిక్స్ కొక్కేలు ఎక్కడున్నాయో కూడా చూపించాలి. రవాణా శాఖ దీన్ని తప్పనిసరి చేయాలని నా విన్నపం. ఆస్పత్రులు ఈ మాట డిశ్చార్జి రోజుదాకా ఆపకూడదు. అప్పటికప్పుడు ఎవరూ సీటు కొనలేరు. ఏడో నెల చెకప్‌కు దంపతులిద్దరూ వచ్చినప్పుడే చెప్పి, సీటు తెచ్చుకున్నాక బిగించి చూపించాలి.

– ఒక స్టాఫ్ నర్సు, కూకట్‌పల్లి, హైదరాబాద్